తిరుపతిలో చెల్లో: ఏప్రిల్ నుంచి డిసెంబరు దాకా పని చిట్టా

నేర్చుకునేవాళ్లు ఇద్దరు, చెల్లో (వయొలిన్ జాతిదే, కూర్చుని మోకాళ్ల మధ్య నిలిపి కమానుతో వాయించే పెద్ద వాయిద్యం) ఒకటే. ఒకరికి కర్ణాటక వయొలిన్‌లో వర్ణాల దాకా వచ్చు. ఇంకొకరు ఇంతకుముందు ఏ వాయిద్యమూ పట్టలేదు. మిద్దె ఇల్లు, టైల్స్ నేల, వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊరు. పెద్దవాళ్లయ్యాక మొదలుపెట్టే మరొకరు ఇదే పని చేసుకోవాలంటే ఏం కొలవాలో, ఏది మార్చాలో, ఎందుకు మార్చాలో ఇక్కడ రాస్తున్నాం. ధరలు ఈ పనికి అయినవి మాత్రమే, దుకాణాన్ని బట్టి మారతాయి.

దశ 0: వాయించకముందు (ఏప్రిల్)

చెన్నై నుంచి తెచ్చిన ఫుల్ సైజు చెల్లో. వాయిద్యపు పెట్టె పొడవు సుమారు 75 సెం.మీ., నట్ (మెడ పైకొసన తీగలు ఆనే చిన్న గట్టు) నుంచి బ్రిడ్జి (పెట్టె మీద తీగలను ఎత్తిపట్టే చెక్క) దాకా మోగే తీగ పొడవు 690 మి.మీ. ఈ రెండో కొలత కాగితం మీద రాసి పెట్టుకోండి, ముందుముందు ప్రతి లెక్కా దీంతోనే.

బస్సులో తెచ్చేటప్పుడు డిక్కీలో వేయకూడదు. చెల్లో పలకలను అతికించేది జంతు చర్మపు జిగురు. అది వేడికి మెత్తబడుతుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం మూసిన డిక్కీలో గానీ, ఎండలో నిలిపిన కారులో గానీ ఉంచితే అతుకులు విడిపోతాయి. మెడ వంగే ప్రమాదం కూడా ఉంది.

కొత్త చెల్లో సంచిలోంచి తీసిన వెంటనే చేయాల్సినవి:

1. మెల్లగా అటూ ఇటూ వంచండి. లోపల పుల్ల దొర్లిన చప్పుడు వస్తే సౌండ్ పోస్ట్ (పెట్టె లోపల పై, కింది పలకల మధ్య నిలబెట్టే పుల్ల) పడిపోయినట్టే. తీగలు బిగించవద్దు. పోస్ట్ లేకుండా బిగిస్తే పై పలక కుంగి పగులుతుంది. నిలబెట్టడం రిపేరు తెలిసినవాళ్ల పని.
2. బ్రిడ్జి పాదాలు పై పలక మీది రెండు ఎఫ్ ఆకారపు రంధ్రాల లోపలివైపు గంట్ల మధ్య గీతకు సరిగ్గా వచ్చాయా చూడండి.
3. టెయిల్ పీస్ (తీగల కింది కొసలు తగిలించే చెక్క) వైపున్న బ్రిడ్జి ముఖం పలకకు 90 డిగ్రీల్లో ఉండాలి. పోస్టుకార్డు మూల ఆనించి చూస్తే చాలు.
4. ఫింగర్ బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పలక) చివర తీగ ఎత్తు కొలవండి: ఎ తీగ (అన్నిటికన్నా సన్నది) కింద 5 మి.మీ., సి తీగ (అన్నిటికన్నా లావుది) కింద 8 మి.మీ. దగ్గర ఉండాలి.
5. నట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు ఒక్కటి దూరేంత సందు చాలు.

4, 5 కొలతల్లో ఈ చెల్లో తప్పింది. ఎ తీగ కింద 8, సి తీగ కింద 11 మి.మీ. వచ్చాయి. నట్ దగ్గర కార్డులు మూడు దూరాయి. చవక చెల్లోల్లో ఇది మామూలే. ఫ్యాక్టరీలో బ్రిడ్జినీ నట్‌నూ ఎత్తుగానే వదిలేసి, దించే పని కొనేవాళ్లకు మిగులుస్తారు. వేళ్లు నొప్పెడుతున్నాయని నేర్చుకునేవాళ్లు మానేసేది చాలాసార్లు ఇక్కడే. ఆ నొప్పి వేళ్ల బలహీనత కాదు, నట్ ఎత్తు. బ్రిడ్జి, నట్ రెండూ దించాక ఎ 5.5, సి 8 మి.మీ.కు వచ్చాయి.

బ్రిడ్జిని ఇంట్లో గరుకు కాగితంతో అరగదీయకండి. ఎక్కువ తీస్తే మళ్లీ పెంచలేం, పైభాగం వంపు చెడితే మధ్య తీగ వాయించేటప్పుడు పక్క తీగలు కమానుకు తగులుతాయి.

ఇప్పటిదాకా: చెల్లో, కమాను, సంచి 38,000 + దించిన కూలి 3,500 = రూ. 41,500.

దశ 1: కుర్చీ, పిన్ను, నేల

చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు. సీటు వెనక్కి పల్లంగా ఉండి నడుము జారుతుంది, కుర్చీ చేతులు కమాను మోచేతికి అడ్డొస్తాయి. భోజనాల బల్ల దగ్గర వేసే చదునైన చెక్క కుర్చీ, 45 సెం.మీ. ఎత్తుది తీసుకున్నాం. దాని ముందు అంచున కూర్చోవాలి, అరికాళ్లు రెండూ నేలకు ఆనాలి.

చెల్లో పై అంచు రొమ్ము ఎముకకు తాకాలి, కింది వంపు మోకాళ్ల మధ్య ఆనాలి, సి తీగ బిరడ ఎడమ చెవి వెనకకు రావాలి. ఈ మూడూ కుదిరేదాకా ఎండ్ పిన్ (చెల్లో అడుగున నేలకు ఆనే పుల్ల) పొడవు మార్చి, కుదిరిన చోట పిన్నుకు టేపు చుట్టండి. ఇద్దరు వాయిస్తే రెండు రంగుల టేపులు. మోకాళ్లతో బిగించి పట్టవద్దు. బిగిస్తే పెట్టె మోగదు, తొడలు పది నిమిషాల్లో పట్టేస్తాయి.

నేల దగ్గర అసలు చిక్కు వచ్చింది. టైల్స్ మీద పిన్ను జారుతుంది. రబ్బరు టోపీ వేస్తే మొదట నిలిచింది, దుమ్ము పట్టాక మళ్లీ జారింది. పీచు డోర్ మ్యాట్ వేస్తే మ్యాటే జారింది. చివరికి పని చేసింది మంచానికి అల్లే నవారు:

1. మీటరున్నర నవారు ముక్క తీసుకుని, రెండు కొసలకూ ఉచ్చులు కుట్టండి.
2. ఉచ్చులను కుర్చీ ముందు కాళ్లు రెండింటికీ తొడగండి.
3. కూర్చుని పిన్ను సరైన చోట పెట్టి, నవారు బిగువుగా ఉన్నప్పుడు పిన్ను తగిలే చోట గుర్తు పెట్టండి.
4. గుర్తు దగ్గర నవారు రెండు పొరలుగా కుట్టి, మధ్యలో లోహపు వాషరు బిగించండి. పిన్ను మొన అందులో కూర్చుంటుంది.

కూర్చున్నవాళ్ల బరువే పిన్నును పట్టి ఉంచుతుంది కాబట్టి ఏ నేలైనా ఫరవాలేదు.

ఇప్పటిదాకా: 41,500 + నవారు, వాషరు, కుట్టు కూలి 250 = రూ. 41,750.

దశ 2: శ్రుతి (మే)

తీగలు కింది నుంచి సి, జి, డి, ఎ. పౌనఃపున్యాలు 65.4, 98, 146.8, 220 హెర్ట్జ్. ఫోను ట్యూనరు సి తీగను సరిగా పట్టలేదు. చిన్న మైకుకు 65 హెర్ట్జ్ ఆనదు, పై స్వరాలు చూసి ముల్లు అటూ ఇటూ ఆడుతుంది. పైగా ఫ్యాను చప్పుడు. బ్రిడ్జికి తగిలించే క్లిప్ ట్యూనరు అదురునే కొలుస్తుంది కాబట్టి ఫ్యాను తిరుగుతున్నా తేడా ఉండదు.

ట్యూనరు 'ఎ' అని చూపించినంత మాత్రాన అది సరైన స్థాయి ఎ కాదు. ఒక స్థాయి కింద ఉన్నా 'ఎ' అనే చూపిస్తుంది, పై స్థాయి 'ఎ' దాకా తిప్పుకుంటూ పోతే తీగ తెగుతుంది. హెర్ట్జ్ అంకె చూపే ట్యూనరు ఎంచుకోండి.

1. ముందు బిరడతో సరైన స్వరానికి కాస్త కిందదాకా రండి. తిప్పేటప్పుడు బిరడను లోపలికి నొక్కుతూ తిప్పాలి.
2. మిగతాది టెయిల్ పీస్ మీది ఫైన్ ట్యూనర్లతో.
3. ప్రతిసారీ బ్రిడ్జి ముఖం 90 డిగ్రీల్లో ఉందా చూడండి. బిరడ తిప్పినకొద్దీ బ్రిడ్జి పైభాగం ఫింగర్ బోర్డు వైపు వంగుతుంది.
4. ట్యూనరు పక్కన పెట్టి చెవితో సరిచూసుకోండి. డి తీగను నట్ నుంచి 230 మి.మీ. దగ్గర (మూడో వంతు), ఎ తీగను 345 మి.మీ. దగ్గర (సగం) నొక్కకుండా తాకి వాయిస్తే రెండింటి నుంచీ ఒకే స్వరం రావాలి. జి, డి తీగలకూ ఇదే పద్ధతి.

ఎండాకాలం చెక్క ఎండి బిరడలు వదులైపోతాయి, పొద్దున చేసిన శ్రుతి సాయంత్రానికి ఉండదు. జారే బిరడకు బడి సుద్దముక్క రాస్తే పట్టు వస్తుంది. బిగుసుకుపోయే బిరడకు ఎండు సబ్బు. నూనె ఎప్పుడూ వద్దు.

కర్ణాటక వయొలిన్ లాగా స-ప-స-పగా మార్చాలా అన్న ప్రశ్న ఇక్కడే వచ్చింది. డి తీగను సి కి, ఎ తీగను జి కి దించితే అది వస్తుంది. అయితే ఒక పూర్తి స్వరం దించితే తీగ బిగువు సుమారు 21 శాతం పడిపోతుంది. కమాను కింద తీగ వెంటనే పలకదు. మామూలు శ్రుతినే ఉంచి డి తీగను షడ్జంగా (స), ఎ తీగను పంచమంగా (ప) పెట్టుకున్నాం. శ్రుతి పెట్టె రెండు కట్టై (డి షడ్జంగా ఉండే శ్రుతి) మీద. జి తీగ మంద్ర మధ్యమం (కింది స్థాయి మ) అవుతుంది, సి తీగ అనుమంద్ర కైశికి నిషాదం (ఇంకా కింది స్థాయి ని). మొదట్లో ఈ రెంటితో పని తక్కువే.

ఇప్పటిదాకా: 41,750 + క్లిప్ ట్యూనరు 600 = రూ. 42,350.

దశ 3: కమాను, ఉత్త తీగలు

ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని వాయించిన దశ ఇది. రోజుకు 15 నిమిషాల చొప్పున రెండు విడతలు.

కొత్త రోజిన్ (కమాను వెంట్రుకలకు పట్టు కోసం రాసే బంక) బిళ్ల గాజులా నున్నగా ఉంటుంది, వెంట్రుకలకు అంటదు. సన్న గరుకు కాగితంతో పైన రెండు గీతలు గీయాలి. మే నెల వేడికి ముదురు రంగు రోజిన్ మెత్తబడి జిడ్డుగా అంటి, కీచుమనే గరగర తెచ్చింది. లేత రంగు గట్టి రోజిన్‌కు మారాం.

బిగించాక కర్రకూ వెంట్రుకలకూ మధ్య సందు నడుమ భాగంలో పెన్సిలు దూరేంత ఉంటే చాలు. వాయించడం అయ్యాక తప్పకుండా వదులు చేయాలి. పొడి గాలిలో వెంట్రుకలు కురచబడతాయి, బిగించి వదిలేసిన కమాను వంకర పోతుంది, మొన విరగవచ్చు.

చప్పుడును బట్టి తప్పు పట్టుకోవడం:

- ఈలలా పలికితే: కమాను మరీ తేలిగ్గా, వేగంగా పోతోంది.
- గరగరమని నలిగితే: బరువు ఎక్కువ, వేగం తక్కువ. బ్రిడ్జికి దగ్గరగా వాయిస్తుంటే ఇంకా త్వరగా వస్తుంది.
- మొదట బాగా పలికి చివరికి పొగలా అయితే: కమాను ఫింగర్ బోర్డు మీదికి జారింది. బ్రిడ్జికి సమాంతరంగా లేదన్నమాట. ఎదురుగా అద్దం పెట్టుకోండి.

వయొలిన్ తెలిసినవాళ్లకు ఈ దశ ఎక్కువ కష్టమైంది. వయొలిన్‌లో మంద్ర తీగకు మోచెయ్యి పైకి లేస్తుంది, చెల్లోలో మంద్ర తీగకు కిందికి దిగి ఒంటి దగ్గరకు వస్తుంది. ఎ తీగకు పైకి, ముందుకు వెళ్తుంది. అలవాటైన చెయ్యి ప్రతిసారీ తిరగబడింది. దిద్దుకున్న పద్ధతి: కమాను లేకుండా ఒట్టి చేత్తో సి, జి, డి, ఎ అని పలుకుతూ మోచెయ్యి కదిలించడం, ఆ తర్వాతే కమాను పట్టడం. చిటికెన వేలు కూడా కర్ర మీద నిలబడదు, పక్కగా వాలి ఉంటుంది. బొటనవేలు మాత్రం వంగే ఉండాలి.

మెట్రోనోమ్ (లయ లెక్క కొట్టే సాధనం) నిమిషానికి 60 దెబ్బల మీద, ఒక్కో కమానుకు 4 లెక్కలు. అది నిలిచాక 8.

ఇప్పటిదాకా: 42,350 + గట్టి రోజిన్ 500 = రూ. 42,850.

దశ 4: ఎడమ చెయ్యి, మిల్లీమీటర్లు (జూన్, జులై)

చెల్లోలో మొదటి స్థానంలో పక్కపక్క వేళ్ల మధ్య అర స్వరం. 690 మి.మీ. తీగకు నట్ నుంచి దూరాలు:

- 1వ వేలు: 75 మి.మీ.
- 2వ వేలు: 110
- 3వ వేలు: 142
- 4వ వేలు: 173

మీ చెల్లో తీగ పొడవు వేరైతే దాన్ని వరుసగా 0.109, 0.159, 0.206, 0.251తో గుణించండి. 695 మి.మీ. ఉన్నా తేడా ఒక మిల్లీమీటరే. మొదటి వేలి దగ్గర ఒక మిల్లీమీటరు తప్పితే స్వరం 3 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు) కూడా మారదు. వయొలిన్‌లో అదే మిల్లీమీటరుకు 6 సెంట్లు. కొలతలో చెల్లో ఓర్పు గల వాయిద్యం.

టేపు 2 మి.మీ. వెడల్పు చీలికలుగా కోసి 1, 3, 4 దగ్గర అంటించాం. నల్లరంగు పూసిన చవక ఫింగర్ బోర్డు మీద గట్టి జిగురు టేపు వేస్తే తీసేటప్పుడు రంగు లేస్తుంది. మాస్కింగ్ టేపు చాలు. అంటించాక ట్యూనరుతో చూస్తే మూడో వేలు స్వరం కొంచెం హెచ్చుగా వచ్చింది, ఎందుకంటే నొక్కినప్పుడు తీగ సాగి బిగుస్తుంది. ఆ టేపును 2 మి.మీ. నట్ వైపు జరిపాం. లెక్క మొదటి గుర్తుకే, ఖాయం చేయాల్సింది చెవి.

చెవికి సాక్ష్యం కావాలంటే చిన్న కాగితం ముక్క మడిచి, జి తీగ మీద బ్రిడ్జి నుంచి 172 మి.మీ. దూరంలో గుర్రమెక్కించినట్టు పెట్టండి. డి తీగ మీద నాలుగో వేలితో వాయించండి. అది జి తీగకు పై స్థాయి స్వరం. వేలు సరైన చోట పడితే ఎవరూ తాకని జి తీగ అదురుతుంది, కాగితం గజగజలాడి ఎగిరి పడుతుంది. వేలు నాలుగైదు మిల్లీమీటర్లు అటో ఇటో పడితే కాగితం కదలదు. కాగితాన్ని తీగ సరిగ్గా సగంలో పెడితే మాత్రం స్వరం కుదిరినా ఎగరదు, అక్కడ తీగ నిశ్చలం. ఎ తీగ మీద నాలుగో వేలికి డి తీగ ఇలాగే స్పందిస్తుంది. టేపుల కన్నా ఈ పరీక్ష మేలు, చెవి త్వరగా పదునెక్కుతుంది.

బొటనవేలు మెడ వెనక రెండో వేలికి ఎదురుగా ఉండాలి, పిసకకూడదు. అప్పుడప్పుడు బొటనవేలు తీసేసి నాలుగు స్వరాలు వాయించి చూడండి. చేతి బరువుతోనే తీగ నొక్కుకుపోతే సరిగ్గా ఉన్నట్టు.

ఎఫ్ షార్ప్ స్వరం దగ్గర, అంటే మన అంతర గాంధారం మీద, డి తీగ అప్పుడప్పుడు వణికింది. చాలా చెల్లోల్లో ఆ స్వరాల దగ్గర పెట్టె సొంత అదురు తీగతో పోటీ పడుతుంది. జి తీగకు బ్రిడ్జి, టెయిల్ పీస్ మధ్య భాగంలో రబ్బరు తొడుగున్న చిన్న ఇత్తడి గొట్టం బిగించి, మెల్లగా జరుపుతూ వణుకు తగ్గే చోటు పట్టుకోవాలి.

ఇప్పటిదాకా: 42,850 + ఇత్తడి గొట్టం 300 = రూ. 43,150.

దశ 5: ఏ రాగంతో మొదలుపెట్టాలి (ఆగస్టు, సెప్టెంబరు)

ఈ చిట్టాలో ఒక్క భాగమే చదువుతామంటే ఇది చదవండి.

తిరుపతిలో సంగీతం మొదలంటే సరళీ స్వరాలే (మొదటి స్వర పాఠాలు), అవి మాయామాళవగౌళ రాగంలోనే. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నవాళ్ల దగ్గర స్వరజ్ఞానం దిద్దుకోవడం మంచి మార్గం, ఆ పాఠాల క్రమం కూడా గొంతుకూ వయొలిన్‌కూ చక్కగా సరిపోతుంది. చెల్లో మీద అదే క్రమం చేతిని దెబ్బ తీస్తుంది. కారణం కొలతలోనే ఉంది.

వయొలిన్ మొదటి స్థానంలో ఒకటో వేలు నుంచి నాలుగో వేలు దాకా సుమారు 73 మి.మీ., అందులో అయిదు అర స్వరాలు ఇముడుతాయి. చెల్లోలో ఆ వేళ్ల మధ్య 98 మి.మీ., వచ్చేది మూడు అర స్వరాలే. మాయామాళవగౌళ శుద్ధ రిషభం నట్ నుంచి 39 మి.మీ. దగ్గర ఉంటుంది. ఒకటో వేలు అక్కడికి వెనక్కి పోయి, నాలుగో వేలు 173 దగ్గర మధ్యమం మీద ఉండాలంటే చాచాల్సింది 134 మి.మీ. ధైవతం, షడ్జమాల దగ్గర మళ్లీ అదే చాపు. మొదట్లో చెయ్యి అంత చాస్తే బొటనవేలు పిసుకుతుంది, మణికట్టు విరుచుకుంటుంది, నాలుగో వేలు పడుకుంటుంది. వయొలిన్ తెలిసిన అభ్యాసకులు పట్టుబట్టి ఇలాగే మొదలుపెట్టడంతో బొటనవేలి మొదట్లో నొప్పి వచ్చింది. వాయింపు ఆపి, తగ్గాక క్రమం మార్చాం.

డి తీగ షడ్జంగా, చెయ్యి చాచకుండా అందే రాగాలు (0 అంటే ఉత్త తీగ, గీతకు ఎడమ డి తీగ, కుడి ఎ తీగ):

1. శంకరాభరణం: 0 1 3 4 | 0 1 3 4
2. హరికాంభోజి: 0 1 3 4 | 0 1 2 4
3. ఖరహరప్రియ: 0 1 2 4 | 0 1 2 4
4. మోహనం: 0 1 3 | 0 1 4
5. హంసధ్వని: 0 1 3 | 0 3 4
6. మధ్యమావతి: 0 1 4 | 0 2 4

శంకరాభరణం రెండు తీగల మీదా ఒకే అచ్చు, అందుకే అది మొదటిది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, సప్త తాళ అలంకారాలు అన్నీ అందులోనే నడిపాం. ఖరహరప్రియకు మారినప్పుడు మూడో వేలి పని రెండో వేలికి వస్తుంది, అంతే తేడా. మోహనం ఆరోహణలో పంచమం ఉత్త తీగ కావడంతో చేతికి ఊపిరి దొరుకుతుంది. మొదటి గీతానికి అదే రాగం.

వయొలిన్ చేతి రెండో పొరపాటు: అంతర గాంధారం రెండో వేలితో వేయడం. వయొలిన్‌లో అది సరే. చెల్లోలో రెండో వేలు సాధారణ గాంధారం, అంతర గాంధారానికి మూడో వేలు. కొన్నాళ్లు స్వరం పేరు బదులు వేలి అంకె పైకి చెబుతూ వాయిస్తే దారికొచ్చింది.

గమకాలు (స్వరాన్ని ఊపడం, జార్చడం) ఈ దశలో వద్దు. స్వరస్థానం చేతికి ఎక్కకముందే జారుడు మొదలుపెడితే తప్పు ఎక్కడుందో చెవికి దొరకదు.

రోజు వాయింపు: 15 నిమిషాల విడతలు మూడు. ఖర్చులో మార్పు లేదు, రూ. 43,150.

దశ 6: ఈశాన్య వానలు (అక్టోబరు, నవంబరు)

మన వైపు అసలు వానలు అక్టోబరులో మొదలై నవంబరులో బలపడతాయి. తేమ కొలిచే చిన్న మీటరు చెల్లో గదిలో పెట్టాం. చెల్లోకు 40 నుంచి 60 శాతం తేమ మంచిది. ముసురు పట్టినప్పుడు 85 దాటింది.

- ఎ తీగ ఎత్తు 5.5 నుంచి 6.5 మి.మీ.కు పెరిగింది. తేమకు పై పలక ఉబ్బి బ్రిడ్జిని లేపుతుంది. వానాకాలంలో బ్రిడ్జి కోయించుకుంటే వేసవిలో తీగలు బోర్డుకు తగిలి జరజరమంటాయి. కాబట్టి ఆగాం.
- బిరడలు బిగుసుకున్నాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. కొద్దిగా వెలుపలికి లాగి తిప్పి, ఎండు సబ్బు రాశాం.
- కమాను వెంట్రుకలు సాగి, మర పూర్తిగా తిప్పినా బిగువు రాలేదు. కొత్త వెంట్రుకలు వేయించాల్సి వచ్చింది.
- కింది పలక అంచున ఒక అతుకు విడింది. వేలి కణుపుతో అంచు చుట్టూ తడుతూ పోతే విడిన చోట బోలుగా పలికింది. ఇలాంటి చోట ఫెవికాల్ గానీ, క్షణంలో అతికే జిగురు గానీ వేయవద్దు. చెక్క పగలకుండా అతుకే ముందు విడాలని చర్మపు జిగురు వాడతారు. ఊడని జిగురు పెడితే మరుసటిసారి పలకే చీలుతుంది.

సంచిలో బియ్యం మూట పెట్టమని సలహా వింటుంటాం. బియ్యం తేమను పెద్దగా లాగదు, పురుగు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్లీ వాడాం. పైకప్పు ఎండకు కాగే మేడ గది నుంచి కింది గదిలోకి, బయటి గోడకు దూరంగా మార్చడం అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది.

ఇప్పటిదాకా: 43,150 + తేమ మీటరు 400 + సిలికా జెల్ 200 + కమాను వెంట్రుకలు 1,500 + అతుకు 1,000 = రూ. 46,250.

దశ 7: తీగల మార్పు, మళ్లీ మాయామాళవగౌళ (డిసెంబరు)

చెల్లోతో వచ్చిన తీగల్లో సి, జి మొద్దుగా పలుకుతున్నాయి. మధ్యరకం స్టీలు తీగల సెట్టు వేశాం. ఒక తీగ తీసి, ఒకటి వేసి, శ్రుతికి తెచ్చాకే రెండోదాని జోలికి వెళ్లాలి. నాలుగూ ఒకేసారి తీస్తే బ్రిడ్జి పడుతుంది, దాంతో సౌండ్ పోస్టూ పడవచ్చు. కొత్త తీగలు నిలకడగా శ్రుతి పట్టేదాకా కొన్నాళ్లు రోజూ సాగుతాయి.

ఇప్పుడు చాపు మొదలైంది. పద్ధతి:

1. 2, 3, 4 వేళ్లు వాటి చోట్ల పెట్టండి. బొటనవేలు రెండో వేలి వెనకే ఉండాలి, కదలకూడదు.
2. ఒకటో వేలిని మాత్రం నిటారుగా చేసి నట్ వైపు 36 మి.మీ. వెనక్కి పంపండి. వేలి కొన కన్నా పక్క భాగం తీగకు తగులుతుంది, అది సరే.
3. స రి స అనే మూడు స్వరాలే ముందు. గాంధారం కలపవద్దు.
4. ఒక్కో చాపు తర్వాత ఒకటో వేలు మామూలు చోటికి తెచ్చి చెయ్యి వదులు చేయండి.
5. విడతకు 5 నిమిషాలు మించకూడదు. బొటనవేలి మొదట్లో లాగినట్టు అనిపిస్తే ఆ రోజుకు శంకరాభరణానికి వెళ్లిపోండి.

వేళ్ల అచ్చు 0, వెనక్కి చాచిన 1, 3, 4. ఎ తీగ మీద కూడా ఇదే. ట్యూనరు మీద శుద్ధ రిషభం ఇద్దరికీ హెచ్చుగానే వస్తోంది. ఒకరికి వేలు 44 మి.మీ. దగ్గర ఆగుతోంది, ఇంకొకరికి 42. చేరాల్సింది 39. అక్కడ టేపు వేయలేదు. టేపు ఉంటే కన్ను దాన్ని అందుకోవాలని చూస్తుంది, మణికట్టు విరుచుకుంటుంది. తంబుర వింటూ, నొప్పి లేకుండా రోజుకు ఎంత దిగితే అంతే.

ఇప్పటిదాకా మొత్తం: 46,250 + తీగల సెట్టు 6,500 = రూ. 52,750. చేతిలో ఉన్నవి: ఆరు రాగాల స్వరస్థానాలు, మోహనంలో ఒక గీతం, 8 లెక్కల కమాను. జనవరిలో చూడాల్సినవి: తేమ తగ్గాక ఎ తీగ ఎత్తు మళ్లీ కొలవడం, అతికించిన అంచు తట్టి చూడటం, శుద్ధ రిషభం దూరం రాసుకోవడం.